ఎర్ర సిరా గోల్స్

నా దగ్గర పొడుగాటి రూళ్ళ నోటుపుస్తకం ఒకటి ఉంది. దాని అట్ట ఇప్పటికి రెండుసార్లు ఊడిపోతే, బడిపిల్లల పుస్తకాలకు వేసే గోధుమరంగు కాగితంతో మళ్ళీ అట్ట వేసుకున్నాను. 2005 సెప్టెంబరు చివరలో, హనుమకొండలో చదువుకుంటున్న రోజుల్లో దాన్ని మొదలుపెట్టాను. ఆ నెల 28న స్పెయిన్ ఫుట్‌బాల్ జట్టు రియల్ మాడ్రిడ్ ఆటగాడు రౌల్, గ్రీసు దేశపు ఒలింపియాకోస్ జట్టు మీద గోల్ కొట్టి, ఐరోపా క్లబ్బుల పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్‌లో 50 గోల్స్ పూర్తి చేసిన మొదటి ఆటగాడయ్యాడు. అదే క్లబ్బుకు పూర్వం ఆడిన ఆల్ఫ్రెడో డి స్టెఫానో, ఆ పోటీకి పాత పేరైన యూరోపియన్ కప్పులో నెలకొల్పిన 49 గోల్స్ రికార్డు దాంతో చెరిగిపోయింది. హాస్టల్ రీడింగ్ రూములో పత్రిక ఆటల పేజీ అడుగున నాలుగే నాలుగు వాక్యాల వార్తగా దాన్ని చదివాను. రౌల్ అంటే నాకు ప్రాణం కాబట్టి, ఆ సంతోషంలోనే కొత్త నోటుపుస్తకం కొని, మొదటి పేజీలో ఇద్దరి పేర్లూ పక్కపక్కన రాసి, కింద గీత గీశాను.

గీత కింద గోల్స్ రాశాక, ఆడిన మ్యాచ్‌లు కూడా రాద్దామనిపించింది. డి స్టెఫానో పేరు కింద 58 అని రాయగానే చెయ్యి ఆగిపోయింది. రౌల్ అప్పటికే అంతకంటే చాలా ఎక్కువ మ్యాచ్‌లు ఆడి ఉన్నాడు. ఆ తరువాత అతడు ఛాంపియన్స్ లీగ్ ఆట ముగించేసరికి లెక్క 142 మ్యాచ్‌లకు 71 గోల్స్ దగ్గర నిలిచింది, అంటే సరిగ్గా రెండు మ్యాచ్‌లకు ఒకటి. మెచ్చదగిన లెక్కే, మామూలు ఆటగాడికి అందని లెక్కే. కానీ 58 మ్యాచ్‌లకు 49 గోల్స్ కొట్టిన మనిషిని అది దాటింది అని పత్రిక రాసినప్పుడు, ఆ 'దాటింది' అన్న మాటకు అర్థం ఏమిటి? ఇరవై ఏళ్ళుగా ఈ పుస్తకంలో గోల్స్ రాస్తూ వచ్చింది ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవడానికే. ఇప్పుడు నాకు ఒక నిశ్చితాభిప్రాయం ఏర్పడింది. ఐరోపా క్లబ్ పోటీల్లో అత్యధిక గోల్స్ కొట్టినవారి జాబితాను ఒకే వరుసలో చదవడం చరిత్రకు అన్యాయం చేయడమే. ఓడితే ఇంటికి పోవలసిన మ్యాచ్‌లలో, అంటే నాకౌట్ మ్యాచ్‌లలో కొట్టిన గోల్స్‌ను వేరుగా లెక్కించి, ఆ లెక్కనే ముందు చూపాలి.

ఎందుకో చెప్పాలంటే, అసలు ఈ పోటీ ఎలా మొదలైందో చూడాలి. 1955 సెప్టెంబరు 4న లిస్బన్‌లో స్పోర్టింగ్ జట్టు, బెల్‌గ్రేడ్ నుంచి వచ్చిన పార్టిజాన్ జట్టు 3-3తో డ్రా చేసుకున్న ఆటతో యూరోపియన్ కప్పు మొదలైంది. 16 జట్లు పాల్గొన్నాయి. సొంత మైదానంలో ఒకటి, పరాయి మైదానంలో ఒకటి, రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తారు. తక్కువైనవాళ్ళు ఇంటికి వెళ్తారు. మొదటి కప్పు గెలవడానికి రియల్ మాడ్రిడ్ ఆడింది మొత్తం 7 మ్యాచ్‌లు. అక్టోబరులో ఒక్క సాయంత్రం కాలు జారితే ఆ ఏటికి కథ ముగిసినట్టే. మళ్ళీ ఈ పోటీలో అడుగు పెట్టాలంటే, కప్పు చేతిలో ఉన్న జట్టు తప్ప మిగిలినవాళ్ళందరూ తమ దేశపు లీగ్ గెలిచి రావలసిందే. రెండో స్థానం వచ్చినా లాభం లేదు.

ఈ పద్ధతి 1991-92 దాకా నడిచింది. ఆ సీజన్‌లో మొదటిసారి గ్రూపులు పెట్టారు, అంటే నాలుగేసి జట్లను ఒక గుంపుగా చేసి, ఒక్కొక్కరూ మిగిలిన ముగ్గురితో రెండేసిసార్లు ఆడేలా చేశారు. మరుసటి ఏడు పేరు ఛాంపియన్స్ లీగ్ అయింది. 1997 నుంచి పెద్ద లీగులలో రెండో స్థానం వచ్చిన జట్లకు, 1999 నుంచి మూడు, నాలుగు స్థానాల జట్లకు కూడా తలుపులు తెరిచారు. 1999 నుంచి 2003 దాకా ఏకంగా రెండు గ్రూప్ దశలు ఉండేవి, ఫైనల్ దాకా వెళ్ళిన జట్టు 17 మ్యాచ్‌లు ఆడేది. ఆటగాడికి దీనివల్ల దక్కింది కేవలం ఎక్కువ మ్యాచ్‌లే అనుకుంటే సగమే అర్థం చేసుకున్నట్టు. గ్రూప్ దశలో ఈ వారం ఓడినా రెండు వారాలకు మళ్ళీ ఆడవచ్చు. బలమైన జట్టు నాలుగు మ్యాచ్‌లు గెలిచేసరికి ముందుకు వెళ్ళడం దాదాపు ఖాయమైపోతుంది, మిగిలిన రెండింటిలో కొట్టిన గోల్స్ జట్టుకు అవసరం లేకపోయినా ఆటగాడి ఖాతాలో మాత్రం చేరుతాయి.

అందుకే 2005 నుంచి నా పుస్తకంలో రెండు సిరాలు ఉన్నాయి. గ్రూప్ దశ గోల్స్ నీలంలో, నాకౌట్ గోల్స్ ఎరుపులో.

ఇప్పుడు అధికారిక జాబితా ఇలా ఉంది. క్రిస్టియానో రొనాల్డో 183 మ్యాచ్‌లలో 140 గోల్స్‌తో మొదటి స్థానంలో, లియోనెల్ మెస్సీ 163 మ్యాచ్‌లలో 129 గోల్స్‌తో రెండో స్థానంలో ఉన్నారు. వారి తరువాత రాబర్ట్ లెవాండోవ్‌స్కీ ఒక్కడే నూరు దాటాడు, 2024 నవంబరులో బ్రెస్ట్ జట్టు మీద పెనాల్టీతో ఆ మైలురాయి చేరాడు. ఆ వెనుక కరీం బెంజెమా 90, రౌల్ 71. రొనాల్డో సౌదీ అరేబియాకు, మెస్సీ అమెరికాకు వెళ్ళిపోవడంతో మొదటి రెండు అంకెలూ 2023 నుంచి కదలడం లేదు. మొత్తంలో ఇద్దరి మధ్య తేడా 11 గోల్స్. ఇద్దరి అభిమానులూ ఏళ్ళ తరబడి కొట్లాడుకున్నది ఆ తేడా గురించే.

2023 మార్చిలో మెస్సీ ఆడుతున్న పారిస్ సెయింట్ జెర్మేన్, బయర్న్ మ్యూనిక్ చేతిలో ఓడి పోటీ నుంచి నిష్క్రమించింది. ఆ రాత్రి టీవీ కట్టేసి నేను మెస్సీ పేజీలు కూడటానికి కూర్చున్నాను. అతడు ఆ క్లబ్బులో ఇంక ఎక్కువ కాలం ఉండడని అప్పటికే అందరూ అనుకుంటున్నారు. నీలం గోల్స్ 80 వచ్చాయి. గ్రూప్ దశలో అన్ని గోల్స్ మరెవరూ కొట్టలేదు. తరువాత ఎర్రవి కూడాను. ఒకసారి కూడి, నమ్మకం కుదరక, రెండోసారి పేజీ పేజీకీ వేలు పెట్టి లెక్కపెట్టాను. 49 వచ్చింది.

డి స్టెఫానో ఆడిన కాలంలో గ్రూపులే లేవు. అతడి 58 మ్యాచ్‌లూ నాకౌట్ మ్యాచ్‌లే, అతడి 49 గోల్స్‌లో ప్రతి ఒక్కటీ ఎర్ర సిరాతో రాయవలసిందే. అంటే ఒకే రకం తూకంతో తూస్తే, 1964లో ఆ కప్పు ఆట ముగించిన మనిషీ, మనం కళ్ళారా చూసిన మెస్సీ ఒకే అంకె దగ్గర నిలబడ్డారు. మెస్సీ ఆ 49కి చేరడానికి 58 కంటే ఎక్కువ నాకౌట్ మ్యాచ్‌లు తీసుకున్నాడు కూడా. అధికారిక జాబితాలో మాత్రం ఒకరు రెండో స్థానంలో ఉంటే, మరొకరిని వెతుక్కుంటూ చాలా కిందికి దిగాలి.

వయసు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. డి స్టెఫానో 1926 జూలైలో పుట్టాడు. యూరోపియన్ కప్పు మొదలైన నాటికి అతడికి 29 నిండాయి. అర్జెంటీనాలో రివర్ ప్లేట్‌కు, కొలంబియాలో మిల్లోనారియోస్‌కు ఆడిన అతడి పడుచు కాళ్ళను ఈ పోటీ అసలు చూడనే లేదు. మెస్సీ 17 ఏళ్ళకు, రొనాల్డో 18 ఏళ్ళకు ఛాంపియన్స్ లీగ్‌లో అడుగు పెట్టారు. ఫెరెంక్ పుష్కాష్ సంగతి ఇంకా కష్టం. 1956లో హంగరీ తిరుగుబాటు జరిగినప్పుడు అతడి హోన్వేద్ జట్టు ఇదే కప్పులో ఆడుతూ దేశం బయట చిక్కుకుపోయింది, బిల్బావ్‌తో ఆడవలసిన సొంత మైదానపు మ్యాచ్‌ను బ్రస్సెల్స్‌లో ఆడుకుంది. నిషేధం అనుభవించి, 1958లో రియల్ మాడ్రిడ్‌లో చేరేనాటికి పుష్కాష్‌కు 31 ఏళ్ళు. ఒళ్ళు కూడా చేసి ఉన్నాడు. ఆ స్థితి నుంచి మొదలుపెట్టి ఆ క్లబ్బు తరఫున 39 మ్యాచ్‌లలో 35 గోల్స్ కొట్టాడు.

ఆ ఇద్దరూ కలిసి ఏం చేయగలరో 1960 మే 18న గ్లాస్గో నగరంలోని హ్యాంప్‌డెన్ పార్కులో లక్షా 27 వేల మందికి పైగా చూశారు. ఫైనల్‌లో ముందు గోల్ కొట్టింది ఐన్‌ట్రాక్ట్ ఫ్రాంక్‌ఫర్ట్. ఆ తరువాత డి స్టెఫానో మూడు నిమిషాల తేడాలో రెండు, పుష్కాష్ వరుసగా నాలుగు కొట్టారు. ఆ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం వేరే ఉంది. 72వ నిమిషంలో ఫ్రాంక్‌ఫర్ట్ రెండో గోల్ కొట్టి 6-2 చేసింది. బంతిని మధ్య గీత మీద పెట్టారు. డి స్టెఫానో అక్కడి నుంచే బంతిని అందుకుని, ముందుకు ఇచ్చి పుచ్చుకుంటూ వెళ్ళి, పెనాల్టీ పెట్టె బయట నుంచి నేలబారుగా గోల్ కొట్టాడు. గెలుపు ఎప్పుడో ఖాయమైపోయినా, ఎదుటివాడి గోల్‌కు ఆ నిమిషంలోనే బదులివ్వకుండా ఉండలేకపోయాడు. ఆట 7-3తో ముగిసింది. వరుసగా ఐదు ఫైనల్స్, ఐదింటిలోనూ అతడి గోల్ ఉంది.

ఇదంతా చదివి, పాతకాలపు మోజుతో రొనాల్డోను తగ్గిస్తున్నానని ఎవరైనా అనుకుంటే అది పొరపాటు. నా లెక్క వల్ల ఎక్కువ లాభపడింది రొనాల్డోయే. అతడి 140లో నీలం 73, ఎరుపు 67. నాకౌట్ దశలో 67 గోల్స్ ఏ కాలంలోనూ మరెవరూ కొట్టలేదు. మొత్తం జాబితాలో మెస్సీకీ అతడికీ మధ్య 11 గోల్స్ తేడా కనిపిస్తే, ఎర్ర జాబితాలో 18 కనిపిస్తుంది. అతడి గొప్పతనం ఎక్కడుందో అధికారిక జాబితా సరిగా చూపించడం లేదు, ఎర్ర సిరా చూపిస్తుంది.

రెండు సీజన్లు పక్కపక్కన పెట్టి చూడండి. 2015-16లో రొనాల్డో 16 గోల్స్ కొట్టాడు, మరుసటి సీజన్‌లో 12. అధికారిక లెక్క ప్రకారం మొదటిదే గొప్ప సీజన్. కానీ ఆ 16లో 11 గ్రూప్ దశవి. వాటిలో నాలుగు 2015 డిసెంబరు 8న స్వీడన్ జట్టు మాల్మో మీద ఒకే రాత్రి వచ్చాయి. రియల్ మాడ్రిడ్ 8-0తో గెలిచిన ఆ ఆట నాటికి గ్రూపులో మొదటి స్థానం వాళ్ళకు ఖాయమైపోయే ఉంది. ఆ నాలుగూ లేకపోయినా చరిత్రలో ఒక్క అక్షరం మారేది కాదు.

మరుసటి ఏడు గ్రూప్ దశలో కొట్టింది రెండే రెండు. పత్రికలు అతడి పని అయిపోయిందని రాయడం మొదలుపెట్టాయి. 2017 ఏప్రిల్ 12న క్వార్టర్ ఫైనల్ మొదటి మ్యాచ్, మ్యూనిక్‌లో. బయర్న్ ఒక గోల్ ముందుంది. రెండో సగం మొదలైన రెండు నిమిషాలకు కుడివైపు నుంచి కార్వహాల్ ఇచ్చిన క్రాస్‌ను రొనాల్డో నేలకు తగలనివ్వకుండానే కొట్టాడు. అప్పుడు చూడవలసింది అతడి కాలును కాదు, నిలబడిన చోటును. ఇద్దరు డిఫెండర్లు బంతి వైపు చూస్తూ వెనక్కి పరుగెత్తుతుంటే, అతడు ఒక్క అడుగు వెనకే ఆగిపోయాడు. ఆ ఒక్క అడుగు ఖాళీలోకే బంతి వచ్చి పడింది. 77వ నిమిషంలో అసెన్సియో ఎడమవైపు నుంచి పంపిన బంతిని బూటు అడుగుతో తోసి బయర్న్ గోల్‌కీపర్ నోయర్ కాళ్ళ మధ్య నుంచి పంపాడు. ఆరు రోజుల తరువాత మాడ్రిడ్‌లో అదనపు సమయం దాకా వెళ్ళిన ఆటలో మూడు. సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌లో అట్లెటికో మాడ్రిడ్ మీద మూడు. కార్డిఫ్ ఫైనల్‌లో యువెంటస్ మీద రెండు. క్వార్టర్ ఫైనల్ నుంచి ఫైనల్ దాకా పది గోల్స్! మాడ్రిడ్‌లో బయర్న్ మీద కొట్టిన మూడింటిలో రెండు ఆఫ్‌సైడ్, అంటే నియమం ప్రకారం చెల్లకూడనివి అన్నది నిజమే, దాన్ని నేను దాచను. వీడియో రిఫరీ పద్ధతి ఛాంపియన్స్ లీగ్‌లోకి 2019 ఫిబ్రవరిలో గానీ రాలేదు. ఆ రెండూ తీసేసినా ఎనిమిది మిగులుతాయి. అంతకు ముందు ఏడు మొత్తం నాకౌట్ దశలో అతడు కొట్టింది ఐదు. ఏది గొప్ప సీజన్ అని నన్నడిగితే, 16 గోల్స్ సీజన్ పేరు ఎలా చెప్పగలను?

నా వాదన మీద రావలసిన అసలు అభ్యంతరం ఇంకొకటి ఉంది. కాలేజీ రోజుల నుంచి నాతో కలిసి అర్ధరాత్రుళ్ళు మ్యాచ్‌లు చూసిన మిత్రుడొకడు దాన్ని ఎప్పుడూ ఎత్తుతాడు. "నాకౌట్ అయితే మాత్రం ఏమైందిరా, ఎదురుగా ఎవరున్నారో చూడు" అంటాడు. వాడన్నదాంట్లో బలముంది. 1962-63లో మిలాన్ ఆటగాడు జోసె ఆల్టాఫీని 14 గోల్స్ కొట్టి, అర్ధ శతాబ్దం నిలిచిన రికార్డు పెట్టాడు. వాటిలో ఐదు లక్సెంబర్గ్ నుంచి వచ్చిన చిన్న జట్టు మీద ఒకే మ్యాచ్‌లో వచ్చాయి, మిలాన్ 8-0తో గెలిచింది. 1958-59లో రీమ్స్ తరఫున 10 గోల్స్ కొట్టిన జ్యుస్త్ ఫాంటేన్, ఉత్తర ఐర్లండ్ జట్టు ఆర్డ్స్ మీద ఒకే ఆటలో నాలుగు కొట్టాడు. గెర్డ్ ముల్లర్ 1972లో సైప్రస్ జట్టు ఒమోనియా మీద ఐదు కొట్టాడు. ఉద్యోగాలు చేసుకుంటూ సాయంత్రాలు ఆడుకునేవాళ్ళ మీద కొట్టిన గోల్స్‌కూ, నోయర్ మీద కొట్టిన గోల్‌కూ ఒకే ఎర్ర సిరానా అన్నది వాడి ప్రశ్న.

ఈ ప్రశ్న నన్ను చాలాకాలం బాధపెట్టింది. దానికి నేను చెప్పుకున్న జవాబు ఇది. ఆ చిన్న జట్లు ఇప్పుడు లేకుండా పోలేదు. వాటిని జూలై, ఆగస్టు నెలల్లో జరిగే అర్హత రౌండ్లలోకి పంపారు, అక్కడ కొట్టిన గోల్స్‌ను ఛాంపియన్స్ లీగ్ అసలు జాబితాలో చేర్చరు. దీనివల్ల పెద్ద క్లబ్బుల ఆటగాళ్ళకు నష్టం లేదు, వాళ్ళ గోల్స్ గ్రూప్ దశలో దండిగా వస్తాయి. రొనాల్డోకు 140 అనీ 141 అనీ రెండు లెక్కలు వినిపించడానికి కారణం కూడా ఇదే. 2005 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్ తరఫున హంగరీ జట్టు డెబ్రెట్సెన్ మీద అతడు కొట్టిన గోల్ అర్హత రౌండులోది. అతడికి పోయింది ఒక్కటే. ఉక్రెయిన్ నుంచి వచ్చిన ఆండ్రీ షెవ్‌చెంకోకు మాత్రం 59 గోల్స్ 48 అయిపోతాయి. 1997 నవంబరులో బార్సెలోనా సొంత మైదానంలో మొదటి సగంలోనే హ్యాట్రిక్ కొట్టిన మనిషి అతడు. పేద లీగు నుంచి వచ్చినందుకు ఎక్కువ మెట్లు ఎక్కవలసి రావడం ఒక భారమైతే, ఆ మెట్ల మీద చేసిన పనిని లెక్కలో వేయకపోవడం రెండో భారం. అర్హత రౌండ్లు కూడా ఓడితే ఇంటికి పంపేవే. అందుకని నా పుస్తకంలో అవీ ఎరుపే, అయితే రొనాల్డోకు పైన చెప్పిన 67 మాత్రం అధికారిక 140లోంచి తీసిన లెక్క. మిత్రుడి మాట కొట్టిపారేయలేను కాబట్టి, క్వార్టర్ ఫైనల్ నుంచి వచ్చిన గోల్స్ చుట్టూ పెన్సిల్‌తో సున్నా చుడుతున్నాను. 1958, 1959 క్వార్టర్ ఫైనల్స్‌లో సెవియ్యా మీద, వియన్నా జట్టు మీద డి స్టెఫానో నాలుగేసి కొట్టిన గోల్స్ చుట్టూ కూడా సున్నాలున్నాయి.

ఒమోనియా మీద ఐదు కొట్టాడని చెప్పి ముల్లర్‌ను అక్కడే వదిలేస్తే పాపం. యూరోపియన్ కప్పులో 35 మ్యాచ్‌లు, 34 గోల్స్, అన్నీ నాకౌట్ మ్యాచ్‌లే. పైగా అతడు ఆడింది హ్యాంప్‌డెన్ నాటి ధారాళమైన ఆట రోజుల్లో కాదు. ఇటలీ జట్లు గోల్ ముందు గోడకట్టడం ఐరోపా అంతటికీ నేర్పిన తరువాతి కాలమది. 1974లో బ్రస్సెల్స్ ఫైనల్ 1-1తో ముగిస్తే, రెండు రోజుల తరువాత మళ్ళీ ఆడించారు. ఆ రెండో ఆటలో ముల్లర్, హ్యోనెస్ చెరి రెండు కొట్టి 4-0తో అట్లెటికో మాడ్రిడ్‌ను ఓడించారు. ముల్లర్ గోల్స్‌లో ఒకటి, గోల్ గీతకు దగ్గరగా, సూది దూరేంత సందు కూడా కనిపించని చోటు నుంచి కొట్టినది. బంతిని దించుకున్నాడు, అది లేచేలోపే బలంగా తన్నాడు. రెండోది గోల్‌కీపర్ తల మీదుగా మెత్తగా ఎత్తి వేసినది. పొట్టి మనిషి, లావాటి తొడలు, పిరికివాడిలా చిన్న చిన్న అడుగులు. కానీ పెనాల్టీ పెట్టెలో తిరగడానికి అతడికి పట్టే కాలంలో డిఫెండరు తల తిప్పడం కూడా పూర్తయ్యేది కాదు. ఎవరు ఎంతమందిని దాటారన్న చర్చల్లో అతడి పేరు ఇప్పుడు రావడమే లేదు. నన్ను బాధించేది ఇదే.

ఎర్ర సిరా కూడా అన్నీ చెప్పలేదు, ఆ సంగతి 2014 మే నెలలో లిస్బన్ ఫైనల్ రాత్రి నాకు తెలిసింది. మనకు రాత్రి పన్నెండుంపావుకు మొదలైన ఆట అది. అట్లెటికో ఒక గోల్ ఆధిక్యంతో ఉంది, 90 నిమిషాలు దాటాయి. 93వ నిమిషంలో మోడ్రిచ్ కార్నర్ కొట్టాడు, సెర్హియో రామోస్ ఎగిరి తల ఆనించాడు, బంతి కుడి స్తంభం పక్కనుంచి వలలో పడింది. ఆ గోల్ లేకపోతే రియల్ మాడ్రిడ్ పదో కప్పు ఆ రాత్రి లేదు. అదనపు సమయంలో బేల్, మార్సెలో కొట్టాక, 120వ నిమిషంలో 3-1 ఉండగా రొనాల్డో పెనాల్టీ కొట్టి చొక్కా విప్పాడు. అది ఆ సీజన్‌లో అతడి 17వ గోల్. అంతకు ముందున్న 14 గోల్స్ రికార్డును అతడు సెమీఫైనల్‌లోనే దాటేశాడు. రామోస్ గోల్ ఎర్ర సిరాయే, ఆ పెనాల్టీ కూడా ఎర్ర సిరాయే. రెండింటి బరువూ ఒకటే అని చెప్పడానికి నాకు నోరు రాదు. అయితే ఒక్కో గోల్‌కు ఒక్కో బరువు కట్టడం మొదలుపెడితే లెక్క పోయి అభిప్రాయం మిగులుతుంది. ఓడితే పోటీ ముగిసే మ్యాచా కాదా అన్నది ఎవరు చూసినా ఒకేలా కనిపించే గీత. అందుకే అక్కడ ఆగాను.

మిగిలిన కప్పుల సంగతి కొంచెం చెప్పాలి. ఆయా దేశాల కప్పులు గెలిచిన జట్లు ఆడే కప్ విన్నర్స్ కప్పు 1999తో ఆగిపోయింది. అందులో 1965-66లో డోర్ట్‌మండ్ తరఫున ఒకే సీజన్‌లో 14 గోల్స్ కొట్టిన లోథర్ ఎమ్మెరిక్‌ను, ఆ కప్పు మొత్తం మీద 25 గోల్స్ కొట్టిన రాబ్ రెన్సెన్‌బ్రింక్‌ను ఈనాటి అభిమానులకు పరిచయం చేయవలసి వస్తోంది. ఇంటర్ సిటీస్ ఫెయిర్స్ కప్పును ఐరోపా ఫుట్‌బాల్ సంఘమైన యూఈఎఫ్‌ఏ నడపలేదు కాబట్టి దాని గోల్స్ అధికారిక లెక్కల్లోకే రావు. ఛాంపియన్స్ లీగ్ తరువాతి స్థాయి పోటీ అయిన యూఈఎఫ్‌ఏ కప్పులో గ్రూపులు 2004లో గానీ రాలేదు. 1995-96లో బయర్న్ ఆ కప్పు గెలవడానికి ఆడిన 12 మ్యాచ్‌లూ నాకౌట్‌లే, వాటిలో క్లిన్స్‌మన్ 15 గోల్స్ కొట్టాడు. 2010-11లో పోర్టో తరఫున 17 గోల్స్‌తో ఫాల్కావో ఆ అంకెను దాటాడు. సెమీఫైనల్‌లో విలారియల్ మీద ఒకే ఆటలో నాలుగు కొట్టిన ఆ సీజన్ అద్భుతమే, అయినా ఆ 17లో నీలం కలిసి ఉంది. హెన్రిక్ లార్సన్‌కు యూఈఎఫ్‌ఏ కప్పులో 40 గోల్స్ ఉన్నాయి. 2003లో సెవియ్యాలో జరిగిన ఫైనల్‌లో సెల్టిక్ రెండుసార్లు వెనకబడితే రెండుసార్లూ తలతో గోల్ కొట్టి సమం చేసినవాడు అతడే. చివరికి అదనపు సమయంలో పోర్టో 3-2తో గెలిచింది. ఓడిపోయిన ఫైనల్‌లో కొట్టిన గోల్స్‌ను చరిత్ర త్వరగా మరిచిపోతుంది. 1962 ఫైనల్‌లో హ్యాట్రిక్ కొట్టి కూడా బెన్‌ఫికా చేతిలో 5-3తో ఓడిన పుష్కాష్‌కూ అదే జరిగింది.

మహిళల ఛాంపియన్స్ లీగ్‌లో ఇదే కథ ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడ 2021 దాకా ప్రధాన దశ అంతా నాకౌట్ పద్ధతే. నార్వే క్రీడాకారిణి ఆడా హెగర్‌బర్గ్ 2017-18 సీజన్‌లో 15 గోల్స్ కొట్టింది. సరిగ్గా అదే సీజన్‌లో పురుషుల పోటీలో రొనాల్డో కొట్టినదీ 15. 2019 అక్టోబరులో ఆమె ఆన్యా మిట్టాగ్ పేరిట ఉన్న 51 గోల్స్ రికార్డును దాటింది. అంతకు ముందు మే 18న బుడాపెస్ట్‌లో జరిగిన ఫైనల్‌లో, ఆట మొదలైన 30 నిమిషాలకే బార్సెలోనా మీద హ్యాట్రిక్ పూర్తి చేసింది. అత్యధిక గోల్స్ వీరుల గురించి రాసేవాళ్ళు ఆమె పేరు చివర్లో ఒక వాక్యంగా కూడా రాయకపోవడం చూసి, నా పుస్తకంలో ఆమెకు డి స్టెఫానో పేజీకి ఎదురు పేజీ ఇచ్చాను.

ఇక రాబోయే కాలం. ఎర్లింగ్ హాలండ్ 2025 సెప్టెంబరులో నాపోలీ మీద గోల్ కొట్టి, 49 మ్యాచ్‌లలో 50 గోల్స్ పూర్తి చేశాడు. అంతకు ముందు అతి తక్కువ మ్యాచ్‌లలో ఆ అంకె చేరినవాడు రూడ్ వాన్ నిస్టెల్‌రాయ్, అతడికి 62 మ్యాచ్‌లు పట్టాయి. ముల్లర్ తరువాత మ్యాచ్‌కు ఒకటి చొప్పున కొట్టేవాణ్ణి మళ్ళీ చూస్తున్నాం, అది మన అదృష్టం. 2023 మార్చిలో లైప్‌జిగ్ మీద అతడు కొట్టిన ఐదు నాకౌట్ మ్యాచ్‌లోవే, 63వ నిమిషంలో బయటికి పిలవకపోతే ఆరోది కూడా వచ్చేదేమో. అయినా అతడి పేజీలో ఇప్పటికి నీలమే ఎక్కువ. 2024 నుంచి 36 జట్ల లీగ్ దశ వచ్చింది, ప్రతి జట్టుకూ అందులో 8 మ్యాచ్‌లు. నీలం సిరా ఇంకా త్వరగా అయిపోతుంది. ఇరవై ఏళ్ళు ఆడే కుర్రవాడికి 140 చేరరాని అంకేమీ కాకపోవచ్చు. ఎర్ర సిరాలో 67 మాత్రం చాలా దూరం.

కొత్త పద్ధతి నాకొక చిక్కు కూడా తెచ్చింది. లీగ్ దశలో మొదటి ఎనిమిది జట్లు నేరుగా ముందుకు వెళ్తాయి, 9 నుంచి 24 దాకా ఉన్నవి రెండేసి మ్యాచ్‌ల ప్లేఆఫ్ ఆడాలి. దీన్ని ఏ సిరాతో రాయాలి? 2025 ఫిబ్రవరి 19 రాత్రి పుస్తకం, రెండు పెన్నులూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. పారిస్ జట్టు బ్రెస్ట్ మీద 7-0తో గెలిచింది, ఏడు గోల్స్‌నూ ఏడుగురు కొట్టారు. మాడ్రిడ్‌లో రియల్ మాడ్రిడ్ ఆటగాడు ఎంబాపె మాంచెస్టర్ సిటీ మీద మూడు కొట్టాడు. మొదటి మ్యాచ్ అప్పటికే మాడ్రిడ్ జట్టు గెలుచుకున్నా, తేడా ఒక్క గోల్ మాత్రమే కాబట్టి, ఆ మూడింటిలో మొదటిది పడేదాకా ఇంగ్లండ్ ఛాంపియన్లకు దారి మూసుకుపోలేదు. ఆట అయ్యాక తెర మీద సిటీ ఆటగాళ్ళు తలలు వంచుకుని సొరంగంలోకి వెళ్ళడం కనిపించింది, వాళ్ళకు ఆ ఏడు ఈ పోటీ అయిపోయింది. నీలం పెన్నుకు మూత పెట్టి, ఎంబాపె పేజీ తీసి మూడు ఎర్ర గీతలు గీశాను. తరువాత పారిస్ జట్టు వాళ్ళ పేజీలు ఒక్కొక్కటే తెరిచాను. ఆ ఏడుగురిలో కొందరికి నా పుస్తకంలో ఇంకా పేజీయే లేదు.